ఫోన్ సిగ్నల్ కోసం తీరానికి దగ్గరైన బోటు: ఒక కేస్ స్టడీ

"మూడు గంటలకోసారి ఫోన్ చేయాలి" అని నేను రాసిచ్చిన కాగితమే ఈ కేసులో ఒక తెరచాప బోటును మెల్లమెల్లగా తీరం మీదికి లాక్కొచ్చింది. ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి రాత్రి ఎనిమిదీ నలభై. బోటు కృష్ణపట్నం ముందర ఉంది. నేను కర్నూలులో మా ఇంటి మిద్దె మీద ఉన్నాను.

నేవీలో పదిహేనేళ్లు చేసి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాను. చిన్న బోట్లు ఉన్నవాళ్లకు భద్రత నేర్పుతాను. వాళ్లు దూరం పోయినప్పుడు గట్టు మనిషిగా ఉంటాను. గట్టు మనిషి అన్నది నేను పెట్టుకున్న పేరు. బోటు ఎప్పుడు బయల్దేరింది, ఎవరెవరు ఉన్నారు, ఏ దారిన పోతారు, ఎప్పటికి చేరాలి, చేరకపోతే ఎవరికి చెప్పాలి, ఇవన్నీ తెలిసి నేల మీద మెలకువగా కూర్చునే మనిషి అన్నమాట. సముద్రం లేని ఊళ్లో ఈ పనేంటని నవ్వేవాళ్లు ఉన్నారు. నవ్వనీ. ఫోను, చార్టు (సముద్రపు మ్యాపు), నిద్ర ఆపుకునే ఓపిక ఉంటే ఆదోనిలో కూర్చునైనా చేయొచ్చు.

మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఏ సంవత్సరమో చెప్పడం లేదు. గంటలు, దూరాలు మాత్రం నా నోట్‌బుక్‌లోవే. ఇక్కడ మైలు అంటే నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు.

మనుషులు, బోటు, నెల

యజమాని కర్నూలు మనిషే. యాభై దాటాయి. వ్యాపారం కొడుకు చేతిలో పెట్టి, హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో తెరచాప బోటు నడపడం నేర్చుకున్నాడు. తర్వాత పాత బోటు ఒకటి కొన్నాడు. 31 అడుగుల ఫైబర్ బోటు, 18 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిను. అడుగున కీల్, అంటే బోటు పల్టీ కొట్టకుండా నీళ్లలోకి దిగి ఉండే బరువైన రెక్క. అది మీటరున్నర లోతు వరకు ఉంటుంది. ఈ మీటరున్నర తర్వాత ముఖ్యమవుతుంది.

అతనితోపాటు అతని బావమరిది ఉన్నాడు. ఇంకొకడు కాకినాడ దగ్గర చేపలు పట్టే కుటుంబంలోని కుర్రాడు. పాతికేళ్లు ఉంటాయి. సముద్రం మీద వీళ్లిద్దరి అనుభవమూ కలిపినా వాడి అనుభవంలో పదో వంతు ఉండదు. కానీ కీల్ ఉన్న బోటు ఎక్కడం వాడికీ అదే మొదలు.

పని సులభంగానే కనిపించింది. కాకినాడ నుంచి చెన్నైకి బోటు తీసుకుపోవాలి. గోదావరి, కృష్ణా డెల్టాలు చుట్టుకుని దాదాపు 290 మైళ్లు. నవంబరు నెల. ఆ నెలలో బంగాళాఖాతంలోకి పోతారా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. వాయుగుండాలు పుట్టే కాలమే అది. కానీ దక్షిణానికి పోయేవాళ్లకు అనుకూలమైన కాలమూ అదే. ఈశాన్యం గాలి వెనకనుంచి తోస్తుంది. మన తీరం వెంట నీటి ప్రవాహం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరానికి పోతే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పారుతుంది. అందుకే నేను వద్దనలేదు. ఐదు నాట్ల లెక్కన 58 గంటలు. ఉదయం ఐదింటికి బయల్దేరితే మూడో రోజు మధ్యాహ్నానికి చెన్నై. వాతావరణ శాఖ మత్స్యకారుల హెచ్చరిక మూడో రోజు రాత్రి నుంచి మొదలవుతోంది. దక్షిణ కోస్తా వెంట గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, అప్పుడప్పుడు 65 దాకా గాలి అని. అంటే మధ్యలో కొన్ని గంటలు మిగులుతున్నాయి. ఆ మిగులు చూసి 'సరే' అన్నాను. అది నా మొదటి తప్పు. పెద్ద తప్పు తర్వాత వస్తుంది.

గాలి టైముకు వచ్చింది, బోటు రాలేదు

మొదటి రోజు గాలే లేదు. ఇంజిను కొంతసేపు నడిపారు, డీజిల్ పొదుపని ఆపారు. 24 గంటల్లో 120 మైళ్లు పోవాల్సిన బోటు 75 మైళ్లు పోయింది. రెండో రోజు పొద్దున మచిలీపట్నం వైపు తిరిగి ఆగుదామా అని నేనే అడిగాను. గాలి మొదలైంది సార్, ఇంక పుంజుకుంటాం అన్నాడు యజమాని. నేను పట్టుబట్టలేదు. ప్లాన్ రాసుకున్నప్పుడు మిగులు తొమ్మిది గంటలు ఉంటే, ఆ పొద్దుటికే అది పూర్తిగా ఖర్చయిపోయింది. కాగితం మీద తీసివేత చేసి ఉంటే అప్పుడే కనపడేది. చేయలేదు. రేపు మధ్యాహ్నం చెన్నై అన్న మాట ఇద్దరి బుర్రల్లోనూ అట్లాగే నిలిచిపోయింది.

రెండో రోజు రాత్రి తొమ్మిదింటి ఫోన్ రాలేదు. పన్నెండింటిదీ రాలేదు. మర్నాడు ఆరింటికి వచ్చింది. తీరానికి 18 మైళ్ల అవతల ఉన్నాం, సిగ్నల్ లేదు అన్నాడు. నేను గట్టిగానే మాట్లాడాను. "రాత్రంతా ఫోన్ రాకపోతే నేనేమనుకోవాలి? మీ ఇంటావిడకు ఏం చెప్పాలి?" అని. అతను సారీ చెప్పాడు. ఆ తర్వాత ఒక్క ఫోనూ తప్పలేదు.

ఆ 'తప్పకపోవడం' వెనక ఏం జరిగిందో మూడు వారాల తర్వాత తెలిసింది. యజమాని, కుర్రాడు మా ఇంటికి వచ్చారు. మంచం మీద చార్టు పరిచాం. డెహ్రాడూన్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు వాళ్లు అచ్చేసే కాగితం చార్టు. మా ఆవిడ ఉగ్గాని బజ్జి తెచ్చి పెట్టింది. గాలికి చార్టు లేవకుండా ఆ ప్లేట్లే మూలల మీద పెట్టాం. బోటు జీపీఎస్‌లో నిలిచిన స్థానాలను కుర్రాడు చదువుతుంటే, గంటకొక జొన్నగింజ చొప్పున నేను చార్టు మీద పెడుతూ పోయాను. రెండో రోజు రాత్రి దాకా గింజలు చక్కగా, తీరానికి దూరంగా ఒక వరుసలో ఉన్నాయి. మూడో రోజు ఆరు నుంచి వరుస వంకర్లు తిరిగింది. తొమ్మిదికి తీరం వైపు ఒక వంపు, పన్నెండుకు ఇంకో వంపు, మూడింటికి ఇంకోటి. ప్రతి వంపు కొసనా ఒక ఫోన్ ఉంది. సిగ్నల్ కోసం లోపలికి రావడం, మాట్లాడటం, మళ్లీ బయటకు పూర్తిగా పోకముందే ఇంకో మూడు గంటలు గడవడం. 18 మైళ్ల దూరం కాస్తా పద్నాలుగు, పదకొండు, పది, చివరికి తొమ్మిది అయింది.

కుర్రాడు గింజలు చూసి, "అదండీ, మీ ఫోన్లే కదండీ" అన్నాడు. వాడు తప్పుపట్టడానికి అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఇక్కడ ఆ తీరం ఆకారం చెప్పాలి. కృష్ణా డెల్టా దాటగానే భూమి పడమటికి జరిగిపోతుంది. చీరాల, ఒంగోలు దగ్గర బాగా లోపలికి ఉంటుంది. దక్షిణానికి పోయేకొద్దీ మళ్లీ తూర్పుకు పొడుచుకొస్తుంది. శ్రీహరికోట, పులికాట్ దగ్గరికి వచ్చేసరికి కృష్ణపట్నం కంటే పది మైళ్లు సముద్రంలోకి వచ్చేసి ఉంటుంది. దుగరాజపట్నం ముందర తీరం వెంబడి ఆర్మగాన్ అనే ఇసుకతిన్నె నీటి కింద ఉంది. మద్రాసులో కోట కట్టకముందే ఇంగ్లిష్ వర్తకులు అక్కడ స్థావరం పెట్టారు, ఆ తిన్నె ఇచ్చే మాటును చూసే అంటారు. పెద్ద ఓడకు అది మాటు. తుపాను గాలిలో చిన్న బోటుకు అలలు విరిగే చోటు.

అందువల్ల ఈశాన్యం గాలి బోటును నైరుతికి, అంటే సరిగ్గా నేల వైపుకి తోస్తుంటే, తొమ్మిది మైళ్ల దూరం చూడటానికి ఉన్నంత దూరం కాదు.

ఆ సాయంత్రం చేసినవి, చెడినవి

మధ్యాహ్నం మూడు దాటాక గాలి ఇరవై నాట్ల నుంచి ముప్పైకి పోయింది. పెద్ద చాపను మడిచి కట్టాలన్న ఆలోచన ఒంటిగంటకే వచ్చిందట. ఆలస్యమైన టైము పుంజుకోవాలని మడవలేదు. నాలుగున్నరకు వెనకనుంచి వచ్చిన అలకు బోటు తిరిగిపోయి, చాప కింది దూలం, అంటే బూమ్, ఒక్కసారిగా ఈ పక్కనుంచి ఆ పక్కకు కొట్టుకుంది. మాస్టుకు, అంటే చాపలు నిలబెట్టే స్తంభానికి, దాన్ని పట్టి ఉంచే కీలు విరిగింది. అదృష్టం కొద్దీ దాని దారిలో ఎవరి తలా లేదు. పెద్ద చాప దించేశారు. ముందరి చిన్న చాప ఒక్కటే మిగిలింది.

బావమరిది అప్పటికి రెండో రోజు నుంచి వాంతులతో పడి ఉన్నాడు. అందుకని పనిచేసే చేతులు రెండు జతలే.

ఆరింటికి ఇంజిను వేశారు. ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోయింది. పాత బోట్లలో ఇది మామూలే. ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి, బోటు ఎగిరెగిరి పడుతుంటే లేచి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. నిశ్చలంగా ఉన్న రేవులో గంటలు నడిచిన ఇంజిను సరిగ్గా అవసరమైన రోజు ఆగేది ఇందుకే. స్పేర్ ఫిల్టర్ ఒకటుంది, మార్చారు. నలభై నిమిషాలు నడిచి మళ్లీ ఆగింది. ఇంకో స్పేర్ లేదు.

ఎనిమిదీ నలభైకి ఫోన్.

"సార్, ఇంక మా వల్ల కాదు. కృష్ణపట్నం లైట్లు కనపడతాండాయి. లోపలికి పోతాం."

స్థానం చెప్పమన్నాను. 14 డిగ్రీల 22 నిమిషాల ఉత్తరం, 80 డిగ్రీల 17 నిమిషాల తూర్పు. చార్టు మీద చుక్క పెట్టాను. పెట్టాక కొంచెంసేపు నాకు మాట రాలేదు. 'ఎందుకింత దగ్గరికొచ్చారు' అని అడగబోయి, జవాబు నాకే తట్టి ఆగిపోయాను.

ఆలోచించడానికి తీసుకున్న పది నిమిషాలు

పది నిమిషాల్లో నేనే చేస్తాను, మీరు చేయొద్దు అన్నాను. ఫోన్ పెట్టేశాక నాలుగు దారులు రాసుకున్నాను.

రేవులోకి పోవడం మొదటిది. కృష్ణపట్నం లోతైన రేవే, బొగ్గు ఓడలు వచ్చేది. కానీ తవ్విన కాలువలోంచి పోవాలి, అందులో పెద్ద ఓడలు తిరుగుతుంటాయి. ఇంజిను లేని బోటు, ఒకటే చాప, చీకటి, మూడు మీటర్ల అల. కాలువ తప్పితే వెనక్కి తిరిగి ఇంకోసారి ప్రయత్నించే వీలుండదు. ఒక్క చాప మీద ఆ బోటు గాలికి ఎదురు పోలేదు. ఒకసారి తప్పినా ఫరవాలేదు అనుకోగలిగితేనే ఆ పని మొదలుపెట్టాలి. ఇక్కడ అట్లా లేదు.

లంగరు వేయడం రెండోది. వాళ్ల దగ్గర ముప్పై మీటర్ల గొలుసు ఉంది. ఆ అలలో లంగరు నిలవాలంటే నీటి లోతుకు కనీసం ఐదారు రెట్లు గొలుసు, తాడు వదలాలి. వాళ్లున్న చోట లోతుకే గొలుసు సరిపోతుంది. కొట్టేశాను.

మూడోది కుర్రాడి ఉపాయం. ఫోన్‌లో వెనకనుంచి వాడి గొంతు వినిపించింది: "ఇసకొడ్డుకి ఎక్కించేద్దామండి, మేం ఎప్పుడూ చేసేదే." నిజమే, వాళ్లు చేసేదే. ఫైబర్ తెప్పలో కెరటాలు లెక్కపెట్టుకుని, సరైన అల వెనక ఉండి, ఇంజిను ఎత్తేసి ఇసుక మీదికి దూసుకుపోతారు. పదిమంది వచ్చి లాగుతారు. ఆ పని వాళ్లంత బాగా ఎవరూ చేయలేరు. కానీ తెప్పకు అడుగున కీల్ ఉండదు. ఈ బోటుకు మీటరున్నర కీల్ ఉంది. ఒడ్డు ఇంకా వంద గజాలు ఉండగానే, అలలు విరిగే చోటే కీల్ నేలకు తగులుతుంది. నాలుగున్నర టన్నుల బోటు పక్కకు పడిపోతుంది. తర్వాతి అల దాని మీద పడుతుంది. వాడి అనుభవంలో తప్పేమీ లేదు. అది వేరే పడవలో సంపాదించిన అనుభవం, అంతే. ఆ రాత్రి అందరికంటే తెలిసినవాడి మాట కాదనాల్సి రావడం నాకు కష్టమే అయింది.

నాలుగోది ఆగిపోవడం. చాప, చుక్కాని ఒకదానికొకటి ఎదురుగా కట్టేసి, బోటును దాదాపు నిలబెట్టి, తెల్లారేదాకా లోపల పడుకోవడం. అలసిన మనుషులకు ఇంతకంటే మంచి మందు లేదు, నేను నేర్పేదీ అదే. కానీ నిలబెట్టిన బోటూ గాలివాలుకు గంటకు ఒకటిన్నర, రెండు మైళ్లు కొట్టుకుపోతుంది. అందులో పడమటికి పోయేది ఒక మైలు పైనే. తొమ్మిది మైళ్లు తొమ్మిది గంటల్లోపే అయిపోతాయి. ఇసుకతిన్నె అంతకంటే ముందే తగులుతుంది. తెల్లవారడానికి ఇంకా తొమ్మిది గంటలుంది. లెక్క సరిపోలేదు.

అప్పుడు చార్టు మీద బోటు చుక్కనుంచి నేరుగా దక్షిణానికి స్కేలు పెట్టాను. గాలికి వెన్ను ఇచ్చి హాయిగా పోగలిగిన దారి అది. ఆ గీత తిన్నగా పులికాట్ దగ్గర ఇసుకలోకి పోయింది.

మిగిలింది ఒక్కటే. ఆగ్నేయం వైపు కొంచెం తిరిగి, దిక్సూచిలో 155 డిగ్రీలు (నేరుగా దక్షిణమైతే 180) పట్టుకుని తీరానికి దూరంగా పోవడం. అట్లా పోతే అలలు దాదాపు పక్కనుంచి తగులుతాయి. ఒళ్లు హూనమవుతుంది. తడుస్తారు. ఇంకా ముఖ్యంగా, గంటలోపే ఫోన్ సిగ్నల్ పోతుంది. నేను మూడు రోజులుగా పట్టుబట్టినదాన్ని నేనే వదులుకోమని చెప్పాలి.

ఇక్కడ ఒక మాట నాకు ధైర్యమిచ్చింది. ఫోన్ పోతే తెగిపోయేది నాతో సంబంధమే. సాయంతో సంబంధం కాదు. బోటు మాస్టు కొసన వీహెచ్ఎఫ్, అంటే ఓడలూ బోట్లూ మాట్లాడుకునే రేడియో, దాని యాంటెన్నా ఉంది, పదహారో చానెల్‌లో దారిన పోయే ఓడలకూ, రేవుకూ, కోస్ట్ గార్డుకూ వినపడుతుంది. కర్నూలుకు వినపడదు, కానీ కర్నూలులో ఉన్నవాడు ఏం చేస్తాడు? శాటిలైట్ ఫోన్ ఉంటే అని అడిగేవాళ్లకు: మన దగ్గర అనుమతి లేకుండా అది వాడకూడదు. ఇతని దగ్గర లేదు.

తిరిగి ఫోన్ చేసి చెప్పాను. అవతల కాసేపు గాలి మోత తప్ప ఏమీ లేదు. తర్వాత అన్నాడు:

"2009లో నీళ్లొచ్చినప్పుడు మిద్దెక్కి బతికినోళ్లం సార్. గట్టు కళ్లముందర కనపడతా ఉంటే సముద్రం లోపలికి పొమ్మంటారేంది?"

కర్నూలు మనిషి అడగాల్సిన ప్రశ్నే. ఆ అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు నేలను నమ్ముకున్నవాళ్లం అందరమూ. నేను వాదించలేదు. "అప్పుడు నీళ్లు మీ దగ్గరికొచ్చినాయి. మిద్దె కదల్లేదు. ఇప్పుడు కదిలేది మీరు. నేల కదలదు, అదే ఇబ్బంది. మీ కింద ఇరవై మీటర్ల నీళ్లున్నంతసేపూ ఆ బోటు మునగదు. మీటరున్నర అయిన నిమిషం విరుగుతుంది" అన్నాను.

"సిగ్నల్ పోతాదే?"

"పోవాల. పోయిందంటే తీరం దూరమైందని లెక్క. రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా మీ ఫోన్ కోసం చూడను. అప్పటికీ రాకపోతేనే వెతకమని చెప్తా."

పని చేసింది ఏమిటంటే

ముందరి చాప ఒక్కదాంతో 155 నిలవలేదు. బోటు ముక్కు గాలివాలుకు తిరిగిపోతూ 170కి జారుతోంది. వెనక కొంచెమైనా చాప ఉండాలి. పెద్ద చాప బాగానే ఉంది, విరిగింది బూమ్ కీలే. బూమ్‌ను పూర్తిగా వదిలేసి, దాన్ని డెక్ మీద కట్టేసి, పెద్ద చాపను మూడో మడత దాకా మడిచి, దాని వెనక కొసకు నేరుగా తాడు కట్టి బోటు వెనక మూలకు లాగమన్నాను. పాత తెరచాప పడవల మీద చాపకు కింద దూలం లేకుండా కట్టేవాళ్లు కదా, అట్లా.

ఇది చెప్పినంత తేలిక కాదు. నేను చెప్పిన సంగతి కుర్రాడికి ఒక్క ముక్కలో అర్థమైంది. "మా తాత పడవలో చాప అంతేనండి" అన్నాడట. నడుముకు తాడు కట్టుకుని, నోట్లో టార్చ్ పెట్టుకుని, ఇరవై నిమిషాలు మాస్టు దగ్గర ఉన్నాడు. చాప కొస అలకు తడిసి చెంప మీద కొట్టి కన్ను వాచింది. ముడి మాత్రం ఒక్కసారే వేశాడు. అది తెల్లారేదాకా జారలేదు. ఒడ్డుకెక్కిద్దాం అన్నప్పుడు వాడి మాట కాదన్నానని చెప్పాను కదా, ఈ ఇరవై నిమిషాలు వాడు లేకపోతే నా లెక్కలన్నీ కాగితానికే.

9:25కు చివరి మాట. "155 నిలబడింది సార్." తర్వాత లైను తెగిపోయింది.

వెంటనే 1554కు ఫోన్ చేశాను. కోస్ట్ గార్డ్ ఉచిత నంబరు అది. స్థానం, దిశ, ముగ్గురు మనుషులు, ఇంజిను లేదు, ప్రస్తుతానికి ప్రాణాపాయం లేదు, రేపు పన్నెండు దాకా కబురు రాకపోతే మళ్లీ చేస్తాను అని చెప్పాను. ఆపదలో ఉన్నారని చెప్పడానికి, ఆపద రావచ్చని ముందే చెప్పడానికి తేడా ఉంది. రెండోది చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. అవతలివాళ్లకు మొదటి ఫోన్‌లోనే స్థానం తెలిసి ఉంటే, రెండో ఫోన్ వచ్చినప్పుడు వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఇక ఇటు కర్నూలు. పదిన్నరకు యజమాని భార్య: "అన్నా, ఫోన్ కలుస్తలేదు." విషయం దాచకుండా చెప్పాను. పన్నెండుంబావుకు మళ్లీ ఆమే. ఒంటిగంటకు కొడుకు: కారు తీసుకుని కృష్ణపట్నం పోతాను, ఒడ్డున లైట్లు వేసి చూపిస్తాం అన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. ఆ రాత్రి ఆ బోటుకు మేం చేయగలిగిన పెద్ద ద్రోహం ఒడ్డున లైటు వేయడమే. ఇంట్లో వాళ్లకు నేను ముందే చెప్పి ఉంచాల్సింది ఒకటి ఉంది: నిశ్శబ్దం ఎంతసేపు మామూలు అన్నది. చెప్పలేదు కాబట్టి ఆ టెన్షన్ అంతా వాళ్లు మోశారు, కొంత నా మీద దించారు. న్యాయమే.

నిద్రపోలేదు. గంటకోసారి అంచనా చుక్క ఒకటి పెడుతూ కూర్చున్నాను. 4.5 నాట్లు, గాలి తోపుకు పది డిగ్రీలు తీసేస్తే తొమ్మిది గంటలకు నలభై మైళ్లు, అందులో తూర్పుకు పది. తెల్లారేసరికి శ్రీహరికోటకు 11, 12 మైళ్ల దూరంలో ఉండాలి.

పొద్దున 10:50కి ఫోన్. ఎన్నూరు దాటుతున్నారు. తెల్లవారుజామున శ్రీహరికోటకు 12 మైళ్ల దూరంలో ఉన్నామన్నాడు. గాలి ఇరవైకి తగ్గింది. బావమరిది బిస్కెట్ తిన్నాడట. చెన్నై రేవు బయటనుంచి ఇంకో బోటు కట్టి లాక్కుపోయింది.

మార్చినవి

డీజిల్ ట్యాంకు మూత తెరిచి కడిగించకుండా ఏ పాత బోటుకూ ఇప్పుడు నేను గట్టు మనిషిగా ఒప్పుకోను. స్పేర్ ఫిల్టర్లు నాలుగు. చాప మడిచే ఆలోచన వచ్చినప్పుడే మడవాలి. ఇవి ఎవరైనా చెప్పేవే, వాటి మీద ఎక్కువ రాయను.

మిగులు గంటల సంగతి కొంచెం వేరు. ఇప్పుడు ప్లాన్ కాగితం మీద 'చేరే టైము' రాయించను. 'గాలి వచ్చే టైము' పైన రాయించి, ప్రతి పొద్దునా దానికింద 'ఇంకా పోవాల్సిన గంటలు' రాయిస్తాను. రెండో అంకె మొదటిదాన్ని దాటిన పొద్దునే దగ్గర్లోని రేవు గురించి మాట్లాడతాం. మచిలీపట్నం ముందర ఆ పొద్దున ఈ రెండు అంకెలు పక్కపక్కన ఉండి ఉంటే యజమాని మాటకు నేను తలూపేవాణ్ని కాదు.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది ఫోన్ నియమం. అది చెడ్డ నియమం కాదు. శాంతంగా ఉన్న సముద్రంలో ఇరవైసార్లు పనిచేసింది. నాకు మనశ్శాంతి కోసం పెట్టుకున్నదాన్ని వాళ్ల భద్రత అనుకోవడమే పొరపాటు. పైగా ఒక్కసారి తిట్టి దాన్ని ఇంకా గట్టి చేశాను. మనం నేర్పే చోట విద్యార్థి మన మాట తుచ తప్పకుండా పాటిస్తే సంతోషిస్తాం, ఎక్కడికి పాటిస్తున్నాడో చూడం. కొత్త కాగితంలో మొదటి గడి తీరానికి ఉండాల్సిన కనీస దూరం. ఫోన్ దాని కింద వస్తుంది: రోజుకు రెండుసార్లు, సిగ్నల్ ఉంటేనే, దాని కోసం దారి మార్చొద్దు. ఆ కింద, ఎన్ని గంటల నిశ్శబ్దం తర్వాత నేను 1554కు చేస్తానో. ఆ కాగితం కాపీ ఒకటి ఇంట్లోవాళ్లకు ఇస్తాను, నా ఎదుటే చదివిస్తాను.

ఒక సందేహం అప్పటినుంచీ నాతోనే ఉంది. ఆ రాత్రి గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు తిరిగి ఉంటే? 155 పట్టుకోవడం ఆ విరిగిన సరంజామాతో అయ్యేది కాదు. సూచనలో తిరగదని ఉంది, తిరగలేదు. కానీ తిరిగితే ఏం చేయాలో నేను చెప్పలేదు. చెప్పే అవకాశమున్న చివరి ఫోన్‌లో ఆ మాట నా బుర్రకు తట్టలేదు.

జొన్నగింజల రోజు ఇది వాళ్లిద్దరి ముందు ఒప్పుకున్నాను. యజమాని కాసేపు చార్టు చూశాడు. కృష్ణపట్నం ముందరున్న గింజను వేలితో వెనక్కి, పైకి, ఒంగోలు వైపు జరిపాడు. "ఈడ నేల లోపలికి పోయింది గదా సార్. గాలి తూర్పుకు తిరిగితే బోటు ఉత్తరానికి తిప్పుకోని ఇట్ల పోవాల" అన్నాడు. కొత్త కాగితంలో ఆఖరి గడికి పైన 'గాలి మారితే?' అని ఉంటుంది. అది నేను నింపను. బయల్దేరే ముందు బోటు మీద ఉన్నవాళ్లే, చార్టు ముందర పెట్టుకుని నింపాలి.